దొంగ తూకం

మాది బనగానపల్లె. ఆ పేరు చెబితే పై ఊళ్లవాళ్లకు మామిడిపండు గుర్తొస్తుంది, కుర్రకారుకు ‘అరుంధతి’ సినిమాలో బంగళా గుర్తొస్తుంది. నా బతుకుతెరువు ఆ రెండూ కాదు. లారీలు తూచే కాటా నాది. బోర్డు మీద వే బ్రిడ్జి అని రాయించుకున్నా డ్రైవర్ల నోట అది కాటానే, నేను కాటా అన్ననే. లారీ ఖాళీగా వచ్చి ఎక్కితే ఒక అంకె. నాపరాయో శనగలో నింపుకొని వచ్చి ఎక్కితే ఇంకో అంకె. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే సరుకు. 22 ఏళ్లుగా పొద్దున లేచి నేను చేసే లెక్క ఇంతే.

ఇంత చిన్న లెక్కలోనూ దొంగతనాలుంటాయి. ఖాళీ బండి తూచేటప్పుడు క్లీనరు కిందికి దిగి బీడీ వెలిగిస్తాడు. లోడుతో వచ్చినప్పుడు అదే క్లీనరు సీటు వెనక దుప్పటి ముసుగేసుకొని పడుకుంటాడు. శనగల లారీ అయితే ఆ పూటకు 60 కిలోల మనిషి శనగల ధరకు అమ్ముడుపోయినట్టే. నేను గదిలోంచే అరుస్తాను: “రేయ్, ముసుగు తీసి దిగరా కిందికి!” డ్రైవరు నవ్వేస్తాడు. నన్ను తూకంలో మోసం చేసినవాడు ఇంకా పుట్టలేదని ఊళ్లో నాకొక పేరు. రెండడుగుల చదరం, అంగుళం మందం నాపబండ చూపిస్తే తాకకుండానే 25 కిలోలని చెబుతాను. కావాలంటే తూచి చూసుకోండి, అటూ ఇటూ ఒక కిలో.

అలాంటి నేను పోయినేడు సంక్రాంతి వెళ్లాక విశాఖపట్నంలో, రుషికొండ బీచి దగ్గర, ఒక కాగితం మీద నా బరువు 78 కిలోలని రాశాను.

అసలు బరువు 91.

ఎందుకు రాశానంటే, కాగితం ఇచ్చి పెన్ను కోసం చెయ్యి చాపుకొని నిలబడ్డది ఇరవై ఏళ్ల పిల్ల. ఆ పిల్ల ముందు 91 అని వెయ్యడానికి చెయ్యి రాలేదు. 78 నా పెళ్లినాటి బరువు. పూర్తిగా అబద్ధం కూడా కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా కాటాకు 20 కిలోలకు తక్కువ లెక్క తెలియదు. దాని మీద నేనెక్కి నిలబడితే ఒక్కోసారి 100 అంటుంది, ఒక్కోసారి 80 అంటుంది. ఆ 80నే నేను నమ్ముతూ వచ్చాను. వ్యాపారంలో ఇలాంటి నమ్మకాన్ని ఏమంటారో నాకు బాగా తెలుసు.

మా వాడు విశాఖలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. పుస్తకాల కన్నా సముద్రం మీద ధ్యాస ఎక్కువ. స్కూబా డైవింగ్ నేర్చుకున్నానని, నువ్వూ వచ్చి నేర్చుకో నాయనా అని ఏడాదిగా పోరు పెడుతున్నాడు. నంద్యాలలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రైల్లో కూర్చుని నా ఈత గురించి ఎదుటి సీటాయనకు బాగానే కోసుంటాను. ఈత నాకు కొత్త కాదు మరి. ఎనిమిదేళ్లప్పుడు మా చేని బావిలో, నడుముకు ఎండు సొరకాయ కట్టి, మా చిన్నాయన గట్టు మీదినుంచి తోసేశాడు. అరిచాను, మింగాను, సొరకాయ పుణ్యాన తేలాను. నెలకు సొరకాయ విప్పేశారు. ఆ తర్వాత అవుకు రిజర్వాయరులో కూడా దూకినవాణ్ని. సముద్రం అంటే ఏముంది, ఇంకాస్త పెద్ద బావి అనుకున్నాను. మా జుర్రేరు కుందూలో కలుస్తుంది, కుందూ పెన్నాలో, పెన్నా పోయి బంగాళాఖాతంలో. మా ఊరి నీళ్లు నాకంటే ముందే అక్కడికి చేరి ఉన్నాయి, చుట్టాలింటికి పోయినట్టే అనుకున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా నాయన మామిడితోటలు కౌలుకు పట్టేవాడు. కాయ కోతకొచ్చిందా లేదా తేల్చడానికి గంగాళం నిండా నీళ్లు పోయించి చెట్టుకొక కాయ అందులో వేసేవాడు. ముదిరిన కాయ మునుగుతుంది, లేత కాయ తేలుతుంది. “మునిగిందే కాయరా” అనేవాడు, తేలినదాన్ని మేకలకు విసిరేస్తూ. 2017లో మా మామిడికి జీఐ గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివినప్పుడు కూడా నా కళ్ల ముందు మెదిలింది ఆ గంగాళమే. పెరిగి పెద్దయి కాటా పెట్టుకున్నాను. ఇంట్లో గంగాళం, వీధిలో కాటా. బరువుంటేనే యోగ్యత అని బుర్రలో పాతుకుపోయింది. మునగడం నాకు చేతకాదేమోనన్న అనుమానం కలలో కూడా రాలేదు.

సముద్రంలోకి దిగే ముందురోజు మావాడు ఆర్కే బీచిలో కుర్సురా జలాంతర్గామిని చూపించాడు. 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో విరమించింది, 2002 నుంచి ఒడ్డెక్కి మ్యూజియమై కూర్చుంది. పొడవు 91 మీటర్లు అన్నాడు గైడు. నా అసలు బరువు పక్కన చేరిన ఆ అంకె విని ఉలిక్కిపడ్డాను. మునగాలంటే పక్క ట్యాంకుల్లోకి సముద్రపు నీళ్లు రానిస్తారట. తేలాలంటే సీసాల్లో దట్టించి ఉంచిన గాలిని వదిలి ఆ నీళ్లను బయటికి నెడతారట. ఓడలోని ఇనుము ఎప్పుడూ ఇనుమంతే, మారేది నీళ్లూ గాలీ. నేను చాలా తెలివిగా తలాడించాను. మర్నాడు నాకు కావలసిన పాఠం మొత్తం ఆ ఇనప గొట్టంలో నిలబడి విన్నాను, బయటికొచ్చి మరమరాల మిక్చరు తిన్నాను, మరిచిపోయాను.

మాకు నేర్పినాయన నౌకాదళంలో డైవరుగా చేసి వచ్చిన మనిషి. సన్నగా, నల్లగా, ఎండుచేపలా ఉంటాడు. కాగితం మీద 78 చూశాడు, నా పొట్ట చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. “పర్లేదు సార్, నీళ్లే చెప్తాయి” అన్నాడు. ఆ మాటలో ఉన్న మర్యాద నాకు మూడు రోజుల తర్వాత గానీ అర్థం కాలేదు.

తొలిరోజు స్విమ్మింగ్ పూల్‌లో. వెట్ సూట్ అంటే రబ్బరు బట్ట అనుకునేరు, దాని నిండా సన్నటి గాలిబుడగలుంటాయి. చలి ఆపేది ఆ బుడగలే, మనిషిని పైకి లేపేదీ అవే. వీపున అల్యూమినియం సిలిండరు. ఒంటికి బీసీడీ అనే జాకెట్టు. అందులో గాలిసంచి ఉంటుంది, ఎడమ భుజం మీంచి వేలాడే గొట్టానికి రెండు మీటలు, ఒకటి నొక్కితే సిలిండరులో గాలి సంచిలోకొస్తుంది, ఇంకోటి నొక్కితే బయటికి పోతుంది. మా చిన్నాయన కట్టిన ఎండు సొరకాయకు మనవడన్న మాట, కాకపోతే దీన్ని కావలసినంత ఉబ్బించుకోవచ్చు, పీల్చేయొచ్చు. ఇవన్నీ కలిసి మనిషిని బెండులా పైకి తేలుస్తాయి కాబట్టి నడుముకు సీసం బిళ్లలు.

సీసమే ఎందుకని అడిగాను. అక్కడ మాత్రం నా బుర్ర పనిచేసింది, వృత్తి కదా. రెండు కిలోల నాపరాయి నీళ్లలో మునిగితే కిలోంబావు తూగుతుంది, మిగిలింది నీళ్లు మోసేస్తాయి. రెండు కిలోల సీసం మునిగినా కిలో ఎనిమిది వందల గ్రాములకు తగ్గదు. పిడికెడు జాగాలో అంత బరువు, నీళ్లకు పెద్దగా వాటా ఇవ్వదు. సీసం మీద నాకు గౌరవం కలిగింది. అదే కొంప ముంచింది.

పూల్‌లో ఆయన నాకు ముందు మూడు కిలోలు కట్టాడు, చాలలేదు. నాలుగు కట్టాడు. జాకెట్టులో గాలంతా తీయించి, మామూలుగా ఊపిరి పీల్చి కదలకుండా నిలబడమన్నాడు. నీళ్లు సరిగ్గా కళ్ల దగ్గర ఆగాయి. ఊపిరి వదలమన్నాడు. మెల్లగా మునిగాను. “అంతే సార్, ఇదే మీ తూకం. రేపు సముద్రంలో ఇంకో మూడు.” ఉప్పునీళ్లు బరువు, లీటరుకు పాతిక గ్రాములు ఎక్కువ. మనిషీ సామానూ కలిపి నూట పదిహేను కిలోల దాకా ఉంటే ఆ పాతికలన్నీ పోగై మూడు కిలోలవుతాయి. నాలుగుకు మూడు కలిపితే ఏడు. కాగితం మీది 78కీ దీనికీ ఏ సంబంధం లేదు. నీళ్లను అడిగి తేల్చుకున్న లెక్క. ఈ ముక్క నా మొద్దు బుర్రకు ఎక్కలేదు. ఆయన 78 చూసే ఏడు కట్టాడని, నేను దాచిన పదమూడు కిలోల సంగతి పాపం ఆయనకు తెలియదని రాత్రంతా మథనపడ్డాను. చెబుదామా? ఆ పిల్ల వింటుంది.

మర్నాడు పడవలో రుషికొండకు ఎదురుగా కొంతదూరం వెళ్లాం. ఏడెనిమిది మీటర్ల లోతు అన్నారు. దిగాను. గాలి తీసేయమన్నారు, తీసేశాను. మునగలేదు. తల నీళ్లపైనే, కొబ్బరి బొండంలా. ఒక నిమిషం, రెండు నిమిషాలు. మావాడు పక్కనుంచి “నాయనా, ఊపిరి బిగబట్టొద్దు, వదులు, కాళ్లు ఆడించొద్దు” అంటున్నాడు. నేను వదులుతున్నాననే అనుకుంటున్నాను. నిజానికి భయంతో రొమ్ము నిండా గాలి పట్టుకుని, పైపైన పావులా వంతు వదిలి మళ్లీ నింపుకుంటున్నాను. రొమ్ములో ఎక్కువగా నిలిచిన ప్రతి లీటరు గాలీ మనిషిని దాదాపు కిలో పైకి లేపుతుంది. నా రొమ్ములో రెండు మూడు లీటర్లు అదనంగా కూర్చుని ఉన్నాయి. కింద కాళ్లు సైకిలు తొక్కుతూ ఇంకాస్త లేపుతున్నాయి. దుప్పటి ముసుగేసుకున్న క్లీనరు నా లోపలే పడుకుని ఉన్నాడు. 22 ఏళ్లు ఆ క్లీనర్లను దింపినవాణ్ని, నా క్లీనర్ని దింపలేకపోయాను. సీసం చాలలేదని తీర్పు చెప్పేశాను.

పడవెక్కించి కాసేపు కూర్చోబెట్టారు. బల్ల కింద ప్లాస్టిక్ డబ్బాలో సీసం బిళ్లలు, ఒక్కోటి రెండు కిలోలు. మళ్లీ సామాను తొడిగి, గొట్టాలూ పట్టీలూ అన్నీ ఒకరివొకరం చూసుకున్నాం. అప్పుడే ఒక తెప్ప దగ్గరగా పోతుంటే అందరూ అటు తిరిగి జాలర్లతో మాట్లాడుతున్నారు. నేను వంగి డబ్బాలోంచి మూడు బిళ్లలు తీశాను. రెండు జాకెట్టు ముందు జేబుల్లో చెరొకటి వేసి జిప్పు లాగాను. మూడోది పట్టలేదు. తిరిగి డబ్బాలో వేస్తే టంగుమంటుందని, పక్కనున్న నా సంచిలో తువ్వాలు మడతలోకి జారవిడిచాను. యాభైకి దగ్గరపడిన మనిషిని, పెళ్లీడుకొస్తున్న కొడుకు వీపు వెనక దొంగతనం చేశాను. చేస్తున్నప్పుడు గుండె ఎంత కొట్టుకుందో అంత గర్వంగా కూడా ఉంది. నా తూకం నేను సరిచేసుకున్నాను కదా.

ఈసారి మునిగాను. మునగడం అనకూడదు, పడ్డాను. చెవుల్లో సూదులు దిగాయి, ముక్కు పట్టుకుని ఊదేలోపే మోకాళ్లు ఇసుకను తాకాయి. గోధుమరంగు మేఘం లేచింది. లేవాలని జాకెట్టులోకి గాలి కొట్టాను. కొంచెం లేచాను. లేచేకొద్దీ నీటి ఒత్తిడి తగ్గుతుంది, సంచిలో గాలి ఉబ్బుతుంది, ఇంకా లేస్తాం. భయపడి గాలి తీశాను, మళ్లీ ఇసుక. సీసం ఎంత ఎక్కువైతే దాన్ని మొయ్యడానికి సంచిలో అంత గాలి కావాలి, గాలి ఎంత ఎక్కువైతే పైకీ కిందికీ అంత ఊగులాట. మావాడు ఏదో చేపను చూపిస్తున్నాడు, నాకు వాడి వేలు తప్ప ఏమీ కనబడలేదు. వాళ్లు ముప్పావుగంట ఉండగలిగిన గాలిని నేను పాతిక నిమిషాల్లో పీల్చేసి, జాకెట్టుకు పోసి, ముల్లు ఎర్రగీత దగ్గరికి తెచ్చాను. నేర్పేవాయన బొటనవేలు పైకెత్తాడు. ఆ లోకంలో బాగుందని కాదు, పైకి పోదామని దానర్థం.

అసలు కథ పైకొచ్చాక.

నీళ్లలోంచి తల బయట పెట్టగానే మనిషి చేసే మొదటి తప్పు, నోట్లోని రెగ్యులేటర్ తీసేయడం. బతికి బయటపడ్డాం, మాట్లాడాలి కదా. తీశాను. చిన్న అల వచ్చి నోట్లో దూరింది. పడవ నలభై గజాల దూరంలో ఉంది. మునిగిపోతున్నట్టు అనిపించి మీట నొక్కి పట్టుకున్నాను. సంచి ఉబ్బి ఉబ్బి, ఇక పట్టలేక భద్రత కోసం పెట్టిన మూతలోంచి గాలి బుస్సుమని బయటికి పోతోంది. అయినా నొక్కుతూనే ఉన్నాను. పట్టీలు రొమ్మును పిండేశాయి, పెళ్లినాటి కోటు గుండీలు బలవంతాన పెట్టుకున్నట్టు. ఊపిరి సగమే దిగుతోంది. అంతకన్నా పెద్ద వింత ఏమిటంటే, గాలి కొట్టేకొద్దీ నా మొహం నీళ్లలోకి వంగుతోంది. తేల్చాల్సిన జాకెట్టు వెనకనుంచి మెడ పట్టి ముంచుతోంది. తల ఎత్తడానికి కాళ్లు తొక్కాను, తొడలు పట్టేశాయి.

ఇప్పుడు ప్రశాంతంగా కూర్చుని చెబుతుంటే విషయం చాలా సులువు. నాకిచ్చిన జాకెట్టు గాలిసంచి వీపు వైపు ఉండే రకం. గాలి వెనక ఉంది, అది పైకి పోతానంటుంది. దొంగసీసం నాలుగు కిలోలు ముందు జేబుల్లో ఉంది, అది కిందికి పోతానంటుంది. వెనక లేస్తుంది, ముందు దిగుతుంది, మధ్యలో నేను తక్కెడ కర్ర. ఎంత గాలి కొడితే అంత గట్టిగా బోర్లా పడతాను. ఇది తెలియడానికి డైవింగ్ నేర్చుకోనక్కర్లేదు. లారీలో వెనక చక్రాల వెనక్కి బండలు పేర్చితే ముందు చక్రాలు తేలిపోతాయని నేనే డ్రైవర్లను తిట్టేవాణ్ని.

“వెయిట్లు వదిలెయ్యండి సార్!” అని అరుస్తున్నాడాయన. నడుం పట్టీకి ఒక కొక్కెం ఉంటుంది, కుడిచేత్తో ఒక్క లాగు లాగితే సీసమంతా సముద్రంలోకి పోతుంది. మొదటి రోజే పదిసార్లు చేయించాడు. నా చెయ్యి కొక్కెం మీదికి పోయింది, అక్కడే ఆగింది. లాగలేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నా బుర్రలో తిరిగింది రెండే మాటలు. ఒకటి, వస్తువు పోతే డబ్బు కట్టాలి, సీసం కిలో ఎంతుందో. రెండు, ఇది వదిలినా జేబుల్లోది ఉంటుంది, దొరికిపోతాను. ప్రాణం ఆ జాబితాలో లేదు. డైవింగ్‌లో చనిపోయినవాళ్లలో చాలామంది ఒంటిమీది సీసం అలాగే ఉండి దొరుకుతారని ఆ సాయంత్రం ఆయన చెప్పాడు. వాళ్లకు చేతకాక కాదు, తోచక. వాళ్లలో ఒకరిద్దరైనా నాలాగే ఖరీదు లెక్కేసుకుంటూ పోయి ఉంటారని నాకనిపించింది. బయటికి అనలేదు.

ఆయన ఈదుకుంటూ నా వెనకకు వచ్చాడు. సిలిండరు మెడ పట్టుకుని నన్ను వెనక్కి వంచాడు, రెగ్యులేటర్ మళ్లీ నోట్లో పెట్టాడు. మొహం ఆకాశం వైపు తిరిగింది. గాలి పీల్చాను. రెండో చేత్తో నా జాకెట్టు ముందువైపు తడుముతూ ఆగాడు. జిప్పు తీశాడు. ఒక బిళ్ల బయటికొచ్చింది. ఇంకో జేబు, ఇంకో బిళ్ల.

“ఏటి సార్ ఇది?”

నా నోట్లో రెగ్యులేటర్ ఉంది. దానికి ఎంత రుణపడ్డానో చెప్పలేను.

మావాడు పక్కనే తేలుతూ చూస్తున్నాడు. ఏమీ అనలేదు. మాస్కులోంచి కళ్లు పెద్దగా కనబడతాయి, అంతే.

రెండు బిళ్లలూ పడవలోవాళ్లకు అందించి వచ్చాక ఆయన నన్ను పడవెక్కించలేదు. అక్కడే, ఆ నీళ్లలోనే ఇంకో పావుగంట ఉంచాడు. ముందు గాలి మీట కాదు, రెండో మీట నొక్కించాడు. ఉన్న గాలిలో సగం తీసేయమన్నాడు. తీస్తే మునుగుతానని నేను తల అడ్డంగా ఊపాను. ఆయనే నొక్కాడు. గాలి పోయింది, నేను పోలేదు. భుజాలు కాస్త దిగాయి, రొమ్ము మీది పట్టు సడలింది, ఎన్నాళ్లకో పూర్తి ఊపిరి దిగింది. “పడక్కుర్చీలో వాలండి సార్. పొట్ట పైకి. కాళ్లు ముందుకు బార్లా చాపండి. ఫిన్స్ కొసలు కనబడాలి మీకు.” వాలాను. కాళ్లకు తొడిగిన ఫిన్స్ పసుపురంగు కొసలు రెండూ అలల మీద లేచాయి. వాటి మధ్యలోంచి రుషికొండ, ఇంకా పైన ఎండ. అల వస్తే నాతోపాటు లేచి దిగుతోంది, మొహం మీదికి రావడం లేదు. నేను ఏ కండరాన్నీ కదపడం లేదు. ఎనిమిదేళ్లప్పుడు సొరకాయ మీద వెల్లకిలా వాలి బావి నీళ్లలో పైనున్న పిచ్చుకగూళ్లు లెక్కపెట్టిన తీరుగా ఉంది.

మూడో రోజు నా తూకం తీరిగ్గా చూశారు. డైవు చివర, సిలిండరులో గాలి అడుగంటాక. ఎందుకు చివర అని అడిగాను. “నిండు సిలిండరులో గాలి రెండున్నర కిలోల పైనే ఉంటుంది సార్. పైకొచ్చేటప్పటికి అది పోతుంది. అప్పుడు తేలిపోకుండా ఆగాలి కదా.” గాలికి రెండున్నర కిలోలా! వీధిలో ఎవరైనా ఆ మాట అంటే నవ్వేవాణ్ని. నిండుగా ఉన్నప్పుడు నీళ్లలో మునిగే ఆ అల్యూమినియం సిలిండరే ఖాళీ అయితే తేలుతుందట. చేత్తో వదిలి చూపించాడు, అడుగు పైకి లేచి బుడుంగుమంటూ నిలబడింది. అంటే ఖాళీ తూకం! దిగేటప్పుడు లోడు, ఎక్కేటప్పుడు ఖాళీ, సీసం కట్టాల్సింది ఖాళీ లెక్కన. నా రోజువారీ లెక్కే అది. కాసేపు నాకొక విచారం కూడా పట్టుకుంది, ఇన్నేళ్లూ లారీ టైర్లలో గాలిని కూడా సరుకు కింద తూచేశానా అని. లేదు, అది ఖాళీ తూకంలోనూ ఉంటుంది, లోడు తూకంలోనూ ఉంటుంది, రెండూ కొట్టేసుకుపోతాయి. నిశ్చింతగా ఊపిరి వదిలాను. వదిలిన ఊపిరికి కళ్ల దాకా ఉన్న నీళ్లు నడినెత్తి దాటాయి. ఏడు కిలోలు సరిగ్గా సరిపోయింది. గ్రాము ఎక్కువ వద్దు.

ఆ ఏడులో మాత్రం ఒక మార్పు చేశాడు. నడుం పట్టీలో ముందుకు జరిగివున్న రెండు కిలోల బిళ్ల తీసి, సిలిండరును చుట్టే పట్టీకి ఉన్న చిన్న వెనక సంచిలో వేశాడు. బరువు అంతే, చోటు మారింది. ఆ తర్వాత పైకొచ్చినప్పుడు నేను వాలనక్కర్లేకపోయింది, నీళ్లే వాల్చాయి. ఇలా తేలడం మొదట్లో ఎవరికీ కుదిరేది కాదట. కూస్తో, గాన్యా అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు 1943లో ఈ గాలి పీల్చే యంత్రాన్ని కుదిర్చినప్పుడు ఈ జాకెట్టే లేదు. సీసం కట్టుకోవడం, మిగతాదంతా ఊపిరితో సరిచూసుకోవడం. ఆ రోజుల్లో నేను పుట్టి ఉంటే చరిత్ర ఇంకో రకంగా ఉండేదేమో, నాది మాత్రం.

వెళ్లేరోజు డైవుల పుస్తకం నింపమన్నారు. తేదీ, లోతు, ఎంతసేపు, కట్టిన సీసం, డైవరు బరువు. అదే పిల్ల, అదే పెన్ను. 91 అని రాశాను. కొంచెం పెద్దగానే రాశాను. ఆ పిల్ల చూడనైనా చూడలేదు, “పెన్ను ఇవ్వండంకుల్” అని తీసుకుపోయి ఇంకెవరికో ఇచ్చింది. మావాడు మాత్రం భుజం మీంచి తొంగిచూశాడు.

“మొన్న 78 అని రాసినావంట కదా నాయనా?”

“ఎవరు చెప్పినారు?”

“ఎవరూ చెప్పలే. నేనే ఆ కాగితం తీసి ఫైల్లో పెట్టింది.”

నంద్యాల దాకా రైల్లో ఎవరితోనూ ఈత గురించి మాట్లాడలేదు.

ఇంటికొచ్చిన రెండో రోజు, నేను కాటా దగ్గరుంటే మా ఆవిడ ఫోను. “తువ్వాల్లో ఈ ఇనుపముక్క ఏందయ్యా? బొక్కెన్లో వేస్తే అడుగు పగిలింది.” మూడో బిళ్ల. దాని సంగతే మరిచాను. ఇనుము కాదే సీసం అన్నాను. సీసం అయితే మాత్రం బొక్కెన పగల్లేదా అంది. న్యాయమే.

పగలు కాటా గదిలో బల్ల మీద పెట్టుకున్నాను, తూకం చీటీలు ఫ్యాన్ గాలికి ఎగరకుండా. డ్రైవర్లు చేతిలోకి తీసుకుని చూస్తున్నారు, ఏందన్నా ఇంత బరువుంది అంటున్నారు. నాలుగు రోజులు అలాగే ఉంచాను. ఐదో రోజు మనసొప్పక, నేర్పినాయనకు ఫోను చేసి క్షమించమన్నాను. ఆయన నవ్వి, మొన్న లెక్కలో ఒకటి తగ్గింది సార్, సముద్రంలో పడిందనుకున్నాం అన్నాడు. పంపించేస్తానన్నాను.

కొరియరు కుర్రాడు దాన్ని అట్టపెట్టెలో పెట్టి, నాలుగు పొరల కాగితం చుట్టి, టేపు వేసి తన చిన్న కాటా మీద పెట్టాడు.

“రెండు కిలోల నూట నలభై సార్. రెండు దాటితే ఇంకో స్లాబు పడుతుంది.”

“కాటా సున్నా చూపించు ముందు” అన్నాను. చూపించాడు. సరిగ్గానే ఉంది.

“అయితే ఆ పెట్టె తీసెయ్, ఊరికే కాగితం చుట్టు” అన్నాను.